పోపు పెట్టిన కషాయం

తారాదేవికి ఏడుపు రాదు. రాదంటే పూర్తిగా రాదని కాదు. గుండెలోంచి బయల్దేరుతుంది, గొంతు దాకా వస్తుంది, ముక్కు ఎర్రబడుతుంది, గడ్డం వణుకుతుంది, అన్నీ శాస్త్రోక్తంగానే జరుగుతాయి. తీరా కళ్ళ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు రాని కుళాయి తిప్పినట్టే. ఆ ఇంట్లో ఏడుపు సంగతంతా మొగుడు మల్లికార్జునరావే చూసుకుంటాడు. షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా జీవితమంతా కేకలేసి రిటైరైన మనిషి, టీవీలో బిస్కట్ల ప్రకటనలో తాతా మనవడూ కనిపిస్తే చాలు, తువ్వాలు తడిపేస్తాడు. ఒకే కొంపలో ఒకరికి వరద, ఒకరికి కరువు. దేవుడికి పంపకాలు చేతకావనడానికి సింగపూర్‌లో యూ టీ పేటలోని ఆ ఫ్లాటే సాక్ష్యం.

కళ్ళొక్కటే అయితే సరిపెట్టుకునేది. నోరు కూడా ఎండిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే అది అక్కడే కూర్చుంటుంది, మంచినీళ్ళతో తోస్తే గాని కదలదు. రుచి చచ్చింది. ఒకప్పుడు వాసన చూసి కూరలో ఉప్పెంతో చెప్పిన గుంటూరు జిల్లా మనిషి, ఇప్పుడు పూటపూటా గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చి, ఏవండీ ఉప్పు చూడండి అని మొగుణ్ణి అడగాల్సి వచ్చింది. ఆయన అన్నిటికీ సరిపోయిందనే అంటాడు. ఆయన మాట నమ్మి ఉగాదికి చేసిన పులిహోరను వచ్చినవాళ్ళంతా గ్లాసులకు గ్లాసులు నీళ్ళు తాగుతూ తిన్నారు.

మొదట్లో ఇదంతా ఏసీ మహిమ అనుకున్నారు. తర్వాత ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క ఇరికించి, కళ్ళు మూసుకోమని, కాసేపయ్యాక తీసి చూపించాడు. కాగితం పెట్టినప్పుడెలా ఉందో తీసినప్పుడూ అలాగే ఉంది. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి, కన్నీళ్ళు, ఉమ్మి ఊరించే గ్రంథుల మీద పడి కొడుతున్నాయన్నాడు. పూర్తిగా పోయే జబ్బు కాదు, కనిపెట్టుకుని ఉండడమే అన్నాడు. దానికి నోరు తిరగని పేరొకటి చెప్పి, కళ్ళలో వేసుకునే చుక్కల మందు రాసిచ్చాడు. ఎండిన నోటితో ఆ పేరు పలకడం మరీ కష్టం కాబట్టి తారాదేవి దాన్ని నా కరువు అనేది.

కరువుతో ఆమె సర్దుకుపోయేదే. సర్దుకోనివ్వనిది ఆడపడుచు ఉమ.

అత్తగారు రత్తమ్మ పోయినప్పుడు మొదలైంది ఆ గొడవ. రత్తమ్మ సామాన్యురాలు కాదు. యూ టీకి వచ్చి ఉన్నన్నాళ్ళూ కోడలితో పేకాడేది, ఓడిపోయేట్టుంటే ముక్కలు దిండు కింద దాచేది, కొడుకు మీద కోడలికే చాడీలు చెప్పేది. అలాంటి అత్త ఎంతమందికి దొరుకుతుంది? ఆవిడ తెనాలిలో పోయిందని తెలిసి విమానమెక్కినప్పుడు తారాదేవి గుండె నిజంగానే చెరువైంది. కానీ శవం చుట్టూ చేరిన ఆడవాళ్ళకు గుండె కనపడదు, కళ్ళే కనపడతాయి. ఉమ శోకాలు పెడుతూనే, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తమ్ముడి పెళ్ళాం మొహం తనిఖీ చేసింది. పెద్దకర్మ నాటికి కబురు ఊరంతా పాకింది. సింగపూర్ కోడలు అత్త పోతే ఒక్క చుక్క రాల్చలేదట, రాతి గుండె అట. ఇది జబ్బు వదినా అని తారాదేవి చెప్పబోయింది. ఏడవకపోవడానికి కూడా జబ్బులుంటాయని ఇప్పుడే వింటున్నానని ఉమ మూతి తిప్పింది. ఆ తిప్పిన మూతి తారాదేవికి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఇలా ఉండగా కూతురు అమూల్య పెళ్ళి కుదిరింది. కుర్రాడు నవనీత్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తాడు. తల్లిదండ్రులతో సింగపూర్‌లోనే ఆ చివర పుంగ్గోల్‌లో ఉంటాడు. యూ టీ నుంచి పుంగ్గోల్‌కు అప్పగింతలేంటి, రైలెక్కితే సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తాగా అని అమూల్య నవ్వింది. తారాదేవి నవ్వలేదు. అప్పగింతలకు దూరంతో పనేముంది? పాలలో తడిపిన పిల్ల చేతులు తీసి అవతలివాళ్ళ చేతుల్లో పెట్టేటప్పుడు కన్నతల్లి కళ్ళు పొడిగా ఉంటే, ముందు వరసలో ఉమ వదిన నిలబడి ఉంటుంది. అత్తకే ఏడవనిది కూతురికేం ఏడుస్తుందిలే అంటుంది. సరే, ఉమ మాటను గంగలో కలపొచ్చు. అసలు బాధ వేరే. ఒక్కగానొక్క పిల్ల వెళ్ళిపోతుంటే లోపల కట్ట తెగుతుంది, నీళ్ళకు బయటికి దారి లేదు. రత్తమ్మ కోసం రావలసిన ఏడుపు ఇంకా గుండె కింద అలాగే గడ్డకట్టి ఉంది. దాని మీద ఇంకోటి మోసే ఓపిక ఆమెకు లేదు.

అమూల్య ఇక్కడ పెరిగిన పిల్ల, ఈ ఊరివాళ్ళలాగే మాట చివర లా తగిలిస్తుంది, దేనికైనా దగ్గరి దారి వెతుకుతుంది. "డ్రాప్స్ వేసుకో లా, మా. వీడియోలో ఎవరికి తెలుస్తుంది?" అంది. తారాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్ను కన్నప్పుడు సీసాతో కన్నానా, నీ కోసం సీసాతో ఏడవడానికి అని దులిపేసింది. అమూల్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పొద్దున్నే కలిసి నడిచే నిఖిల చెప్పింది, మార్కెట్టు పక్క చైనా మందుల కొట్లో మేడం కోహ్ అని ఒకావిడ ఉందని. ఆస్పత్రి డాక్టరుతో చెబితే, చుక్కల మందు మాత్రం మానొద్దు, ఆవిడ ఏమిస్తుందో తెచ్చి చూపించు అన్నాడు. అంతవరకూ తారాదేవి పద్ధతిగానే నడుచుకుంది. ఆ తర్వాతే వచ్చింది చిక్కంతా.

మేడం కోహ్ తారాదేవి కంటే బాగా పెద్దది. అయినా చూడగానే ఆంటీ అని పిలిచింది. తారాదేవికి ఒళ్ళు మండి తనూ ఆంటీ అంది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు ఆంటీలే. కోహ్ ముందు రెండు చేతుల నాడీ చూసింది, తర్వాత నాలుక చాపమంది. పరాయి మనిషికి నాలుక చూపించడమేంటని తారాదేవి మొహమాటపడి కొస మాత్రం బయటపెట్టింది. ఇంకా, ఇంకా అంది కోహ్. చివరికి కొట్లో నలుగురూ చూస్తుండగా తారాదేవి కాళికాదేవి అవతారం ఎత్తాల్సి వచ్చింది. నాలుక ఎర్రగా, బీటలు వారి ఉందట. ఒంట్లో వేడి పెరిగి లోపలి నీరంతా ఇగిరిపోయిందట. మెల్లగా తడి పుట్టించాలి, ముందు నోరు, ఆ తర్వాతే కళ్ళు, తొందర పనికిరాదు అంది కోహ్. మిరపకాయ వద్దు, వేపుళ్ళు వద్దు, ఆవకాయ వద్దు, కాఫీ వద్దు అంది. తారాదేవి అన్నిటికీ తలూపింది గానీ, ఇక బతికుండడం దేనికో కూడా ఆవిడే చెబితే బాగుండుననుకుంది.

పొట్లంలో ఎండిన చామంతి పూలు, ఎర్రటి చిన్న చిన్న ఎండుపళ్ళు, తెల్లటి వేళ్ళు, ఏ చెట్టువో తెలియని చెక్క పేళ్ళు ఉన్నాయి. మూడు గిన్నెల నీళ్ళు ఒక గిన్నె అయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా తాగాలి. తారాదేవి పొట్లం ఆస్పత్రి డాక్టరుకు చూపించి సరేననిపించుకుని, ఇంటికొచ్చి అలాగే కాచింది. వడకట్టే ముందు ఒక గుక్క రుచి చూసింది. ఉప్పు తెలియని నోటికి చేదు మాత్రం శుభ్రంగా తెలిసింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. దాన్ని పొరపాటని ఒప్పుకునే తెలుగిల్లాలు మాత్రం ఉండదు. నల్లటి నీళ్ళు ఒక పొయ్యి మీద తెర్లుతుంటే, పక్క పొయ్యి ఖాళీగా ఉంటే, ఏ చెయ్యి ఊరుకుంటుంది? తారాదేవి చెయ్యి దానంతటదే చింతపండు నానేసింది. మిరియాలు దంచింది. నేతిలో ఆవాలు, జీలకర్ర, ఇంగువ, నాలుగు గుంటూరు ఎండుమిరపకాయలు వేసి, చిటపటలాడగానే చుయ్యిమని గిన్నెలో పోసింది. కొత్తిమీర తేలాల్సిన చోట చామంతి పూలు తేలాయి. కారం వద్దన్నది తిండిలో కదా, ఇది మందాయె. మందు గొంతు దిగాలంటే దానికో రూపం రావాలి కదా. ఈ వాదనలో తప్పు పట్టగలిగినవాళ్ళు ఆ వంటింట్లో ఎవరూ లేరు.

పైగా అది పనిచేసింది కూడా. చింతపండు పులుపుకు నోరు ఏ మూలో కాస్త చెమ్మగిల్లింది. ముక్కు కారింది. కళ్ళు భగ్గుమన్నాయి. మంట వచ్చిందంటే వెనకాలే నీళ్ళు వస్తున్నట్టేనని తారాదేవి మురిసిపోయింది. తిండి దగ్గర మాత్రం ఆవిడ కోహ్ మాట జవదాటలేదు. ఆవకాయ జాడీ అటక మీదికి పోయింది, కూరలన్నీ ఉడకబెట్టిన సొరకాయలాగే తయారయ్యాయి. చప్పిడి కూడు తినలేక మల్లికార్జునరావు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు, ఆయనకదేం కష్టం కాదు కాబట్టి. ఒకరోజు ఇంగువ వాసన పట్టుకుని వంటింట్లోకొచ్చి, ఆ గిన్నెలోంచి ఒక గరిటె అన్నంలో పోసుకున్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఇంత గొప్ప చారు నువ్వు పెట్టలేదే తారా అన్నాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో రోగులు ఇద్దరయ్యారు.

మందు పొట్లాలు అయిపోవాల్సిన గడువు కంటే ముందే అయిపోసాగాయి. తారాదేవి మళ్ళీ వెళ్ళడం, కోహ్ నాలుక చూసి నుదురు ముడవడం. పొట్లాలు తీసుకెళ్తున్నకొద్దీ నాలుక ఇంకా ఎర్రబడుతోంది. నోటి పక్కన పుండు కూడా లేచింది. చలవ చేసే చామంతిపూలు ఇంకాస్త ఎక్కువ వేసింది కోహ్. అయినా నాలుక ఎర్రగానే ఉంది. ఎలా మరిగిస్తున్నావని అడిగింది. చెప్పడమెందుకు, తెచ్చి చూపిస్తానంది తారాదేవి. ఇన్నాళ్ళుగా మందిస్తున్న మనిషికి ఒట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని అంతకు ముందే అనుకుంటోంది. మర్నాడు ఫ్లాస్కు నిండా వేడివేడిగా పోసి, మూత బిగించి, కప్పుతో సహా పట్టుకెళ్ళింది.

మేడం కోహ్ కప్పు అందుకుంది. వాసన చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మర్యాద కొద్దీ ఒకేసారి సగం తాగేసింది.

ముందు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మొహం. దగ్గు తెర ఒకటి వచ్చి బల్ల పట్టుకుంది. ఆపైన కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు మొదలయ్యాయి. బొటబొటా, ధారగా, గడ్డం దాకా కారి, తెల్లకోటు మీద పడ్డాయి. కొట్లో పనమ్మాయి నీళ్ళ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ," అంది మేడం కోహ్ గొంతు తిరిగొచ్చాక, "దిస్ ఈజ్ నాట్ మెడిసిన్. దిస్ ఈజ్ లంచ్."

తారాదేవి ఆ మాట వినలేదు. ఆ కళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది. ఎంత సులువుగా వచ్చాయి! దుఃఖం లేదు, చావు లేదు, పెళ్ళి లేదు, నాలుగు మిరపకాయలకే అన్ని నీళ్ళు. ఆ నీళ్ళు చూసి తారాదేవికి కుళ్ళు పుట్టింది. నగలు చూసి, ఇళ్ళు చూసి ఎన్నడూ కుళ్ళుకోని మనిషి, చైనా డాక్టరమ్మ చెంపల మీది తడి చూసి కుళ్ళుకుంది.

"అవి," అంది, వేలు పెట్టి చూపిస్తూ. "అవే నాక్కావాలి ఆంటీ. నా పిల్ల పెళ్ళికి."

తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. పాలలో చేతులు ముంచడం, ఉమ వదిన, రత్తమ్మ, పేకముక్కలు, అన్నీ. కోహ్ కళ్ళు తుడుచుకుంటూ విన్నది. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టకుండా మూసుకుంది. ఈ పోపుతో బోలెడు వారాలు బూడిదపాలయ్యాయని చెప్పింది. ఇప్పట్నుంచి ఉత్త కషాయం తాగితే పెళ్ళి నాటికి నోరు కాస్త కుదుటపడొచ్చు, కళ్ళ సంగతి మాత్రం మాటివ్వలేనంది. అబద్ధం చెప్పడం తన వృత్తి కాదంది. తారాదేవి ఫ్లాస్కు మూత బిగించింది. చివరికి, పెళ్ళికి మీరు రావాలి, లంచ్ అక్కడ పెడతాం అని చెప్పి ఫ్లాస్కు తీసుకుని బయటికొచ్చింది.

ఇక ఉత్త కషాయం. దాని గురించి ఎక్కువ చెప్పకపోవడమే మంచిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ముక్కు మూసుకుని, చైనాలో పుట్టిన ప్రతి చెట్టునూ తిట్టుకుంటూ తాగింది. మల్లికార్జునరావు ఒక గుక్క చప్పరించి, తన రోగం నయమైపోయిందని ప్రకటించాడు. తారాదేవి మాత్రం వదల్లేదు. చుక్కల మందు వేసుకుంది, సొరకాయ తింది, కషాయం తాగింది, అద్దం ముందు నిలబడి కళ్ళు చూసుకుంది. కళ్ళు ఇసుకపర్రలానే ఉన్నాయి.

పెళ్ళి పనుల్లో ఒకనాడు పచ్చి మామిడికాయ కోస్తోంది. మొదటి చెక్క తెగగానే దవడల కింద ఏదో చిన్నగా లాగింది. తారాదేవి కత్తి పక్కన పెట్టేసింది. నోరూరింది. ఏళ్ళ తరబడి చచ్చిందనుకున్న నోరు ఊరింది. ఉప్పు కల్లు ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. హాల్లో కూర్చున్న మొగుడితో, ఇక నుంచి మీరు ఉప్పు చూడక్కర్లేదండీ అంది. ఆ మాటకు ఆయన ఏడ్చాడు. సంతోషమో, ఉద్యోగం ఊడిందనో తెలియలేదు.

పెళ్ళికి ఉమ వారం ముందే దిగింది. దిగిన దగ్గర్నుంచీ తమ్ముడి పెళ్ళాం కళ్ళ మీదే ఓ కన్నేసి ఉంచింది. గౌరీపూజప్పుడు చూసింది, కన్యాదానమప్పుడు చూసింది. భోజనాల దగ్గర మాత్రం ఆవిడ చూపు పక్కకు మళ్ళింది. పక్క బంతిలో మేడం కోహ్ పట్టుచీర కట్టుకుని కూర్చుని, అరిటాకులో ఆవకాయ కలుపుకున్న అన్నం పట్టుదలగా తింటూ, ధారాపాతంగా కన్నీళ్ళు కారుస్తోంది. ఆ చైనా ఆవిడెవరో పాపం, మన పిల్ల కోసం అంతలా ఏడుస్తోంది, పరాయిదానికున్న ప్రేమ అయినా ఉండొద్దా అని ఉమ పక్కావిడతో, తారాదేవికి వినపడేంత మెల్లగా అంది. తారాదేవి పళ్ళు బిగబట్టి మజ్జిగ వడ్డించింది.

తర్వాత అప్పగింతలు. పంతులుగారు వెండి పళ్ళెంలో పాలు పోయించారు. పాలు చూడగానే మల్లికార్జునరావు మొదలుపెట్టాడు. ఆయన తువ్వాలు ఎప్పుడో తడిసిపోయింది, వియ్యంకుడి కండువా అడిగి తీసుకున్నాడు. పుంగ్గోల్‌కు అప్పగింతలేంటని నవ్విన అమూల్య కూడా ముక్కు ఎగబీలుస్తూ, రెండు అరచేతులతో కళ్ళు తుడుచుకుని, ఆ తడి చేతులే పాలలో ముంచింది.

తారాదేవి ఆ చేతులు పట్టుకుంది. చిన్నప్పుడు లిఫ్టు మీట తనే నొక్కాలని పేచీ పెట్టి ఎత్తుకోమన్న చేతులు. లోపల కట్ట తెగింది. గొంతు పూడుకుపోయింది, గడ్డం వణికింది, ముక్కు ఎర్రబడింది. ఇప్పుడైనా రండి, ఒక్క చుక్క, ఒక్కటే చాలు అని లోలోపల బతిమాలింది. కళ్ళలో రాపిడి తప్ప ఏమీ రాలేదు. ఎదురుగా ఉమ నిలబడి ఉంది. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. తారాదేవికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అత్తగారి వైపు చాచాల్సిన చేతులను అమూల్య వెనక్కి లాక్కుంది. పాలు ఓడుతున్న ఆ చేతులతో తల్లి మొహం పట్టుకుంది. బొటనవేళ్ళు తల్లి కళ్ళ కింద ఆనించి మెల్లగా చెంపల మీదికి రాసింది. పాలు రెప్పల అంచుల నుంచి గడ్డం దాకా కారాయి.

"కదలకు మా," అంది చెవిలో. "వీడియో తీస్తున్నారు లా. నువ్వు ఏడుస్తున్నావని నాకు తెలుసు."

ఉమ ముందుకొచ్చింది. ఊరుకో తారా అంటూ కొంగుతో ఆమె మొహం తుడిచింది. తుడిచిన కొంగు చూసుకుంది. పాల వాసన తెలియని ఆడది ఉంటుందా? కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, తలెత్తి తారాదేవి కళ్ళలోకి చూసింది. ఎర్రగా, ఎండిపోయి, రెప్ప వేయడానికి కూడా బాధపడుతున్న ఆ కళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని, జనం వైపు తిరిగి, ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు, కన్నతల్లి ఏడవదా అని అందరినీ కసిరింది.

తుడవగా మిగిలిన చుక్క ఒకటి తారాదేవి పెదవి మీదికి జారింది. నాలుక దానంతటదే అందుకుంది. పాలు తియ్యగా ఉండాలి. అది ఉప్పగా ఉంది. అమూల్య కళ్ళు తుడుచుకున్న చేతుల ఉప్పు. ఈ ఏడాది మొదట్లో అయితే అది ఆమెకు తెలిసేది కాదు. తారాదేవి కూతురి చేతులు మళ్ళీ పాలలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెట్టింది, పెట్టి, ఆ ఉప్పును మంచినీళ్ళ అవసరం లేకుండానే మింగింది.